పేరొక్కటే చాలదు, ఏ వెర్షనో చెప్పండి: ఈమధ్య నచ్చిన పాటలు, కామిక్స్, పుస్తకాలు, సినిమాలు

#1 ఏడోట్రాక్
ఈమధ్య నచ్చినవి రాయమంటే అందరూ పేరొకటి పడేసి, పక్కన "అదిరింది" అని పెట్టి వెళ్ళిపోతున్నారు. నమ్మి వెతికితే అదే పేరు మీద నాలుగు రకాలు తగుల్తాయి. ఆల్బమ్ అయితే మొదటి సీడీ, రీమాస్టర్ (పాత రికార్డింగ్‌కి ధ్వని మళ్ళీ సర్ది వదిలింది), రీమిక్స్, ఎల్పీ (సూదితో వాయించే పెద్ద రికార్డు). సినిమా అయితే థియేటర్ కట్, డైరెక్టర్స్ కట్, ఇంకేదో కట్. కామిక్ అయితే పాత రంగులు, కొత్త రంగులు. పుస్తకం పూర్తిదో, కోసిందో అట్ట మీద రాయనే రాయరు. ఒకరు నెత్తిన పెట్టుకున్నదాన్ని ఇంకొకరు తిట్టిపోస్తున్నారంటే చాలాసార్లు అభిరుచుల గొడవ కాదు, ఇద్దరి చేతిలో ఉన్నది ఒకటే సరుకు కాదు.

అడిగేదేంటంటే: చేతిలో ఉన్నది ఏ వెర్షనో కనిపెట్టడం ఎలా? మొదటిసారి ఏది పట్టుకోవాలి? తేడా నిజంగా చెవికి, కంటికి తెలిసేంత ఉందా, లేక కలెక్టర్ల పిచ్చేనా? ఉదాహరణలతో చెప్పండి. "నీ ఇష్టం బాసూ" టైపు జవాబులు వద్దు.

#2 మధ్యాహ్నం_ఆట
నీ ఇష్టం బాసూ.

#3 రీలుపెట్టె
సినిమా అనగానే అందరూ నిడివి చూస్తారు. అది కొన్నిచోట్ల చక్కగా పనికొస్తుంది, కొన్నిచోట్ల నిలువునా ముంచుతుంది.

పనికొచ్చేచోటు 'బ్రెజిల్' (1985). 142 నిమిషాలుంటే దర్శకుడు అనుకున్నది. 132 అయితే అమెరికా థియేటర్లలో ఆడింది. 94 అయితే స్టూడియోవాళ్ళు కత్తెరేసి సుఖాంతం చేసి టీవీకి ఇచ్చింది. ఆ మూడోది చూసి "ఏముంది ఇందులో" అన్నవాళ్ళతో వాదన పెట్టుకోకండి, వాళ్ళు చూసింది వేరే సినిమా.

ముంచేచోటు 'బ్లేడ్ రన్నర్'. 1982 థియేటర్ కట్, 1992 డైరెక్టర్స్ కట్, 2007 ఫైనల్ కట్, మూడూ ఇంచుమించు 117 నిమిషాలే. ఇక్కడ గుర్తులు పట్టుకోవాలి. హీరో గొంతు వెనకనుంచి కథ చెబుతూ ఉంటే 1982ది. చివర్లో కొండలూ అడవీ కనిపిస్తూ జంట కారులో వెళ్ళిపోతే కూడా అదే (ఆ కొండల షాట్లు 'ది షైనింగ్' కోసం తీయగా మిగిలినవి). గొంతు లేకుండా ఒంటికొమ్ము గుర్రం కల వస్తే 1992ది గానీ 2007ది గానీ. ఆ రెండిట్లో ఏదో రంగు చెబుతుంది: 2007లో చీకటి సీన్లు నీలిపచ్చ వైపు మొగ్గుతాయి, ఎగిరే కార్లను వేలాడదీసిన తీగలు కనపడకుండా తుడిచేశారు.

మొదటిసారి 2007ది చూడండి. గొంతు ఉన్నది తర్వాత సరదాకి.

#4 చివరివరస
#3 నిడివి లెక్కకి ఇంకోటి: 'అపొకలిప్స్ నౌ'. 1979ది రెండున్నర గంటలు, 2001 రిడక్స్ 202 నిమిషాలు, 2019 ఫైనల్ కట్ 183. కానీ కొత్తదే మొదట చూడాలన్న సూత్రం ఇక్కడ చెల్లదు. రిడక్స్‌లో ఫ్రెంచి తోట ఎస్టేట్ సన్నివేశం కలిపారు. విడిగా చూస్తే గొప్పదే. కానీ పడవ నది ఎగువకి వెళ్ళేకొద్దీ బిగుసుకుంటూ వచ్చిన కథ అక్కడ భోజనాల బల్ల దగ్గర కూలబడుతుంది. ఫైనల్ కట్‌లో ఎస్టేట్ ఉంచి, రిడక్స్‌లో కలిపిన ఇంకొన్ని ముక్కలు తీసేశారు. మొదటిసారి 1979దే. నచ్చితే 2019ది. రిడక్స్ అచ్చంగా అభిమానులకి.

#5 రీలుపెట్టె
@చివరివరస ఒప్పుకోను. ఎస్టేట్ లేకపోతే అది ఎవరి యుద్ధమో, ఎప్పటినుంచి నడుస్తోందో చెప్పేవాడే లేడు సినిమాలో. నెమ్మదించడం తప్పు కాదు.

#6 చివరివరస
నెమ్మదించడం తప్పని ఎవరన్నారు? నెమ్మదించిన చోటు తప్పంటున్నా.

#7 గళ్ళకథ
కామిక్స్‌లో వెర్షన్ అంటే ముఖ్యంగా రంగు, తర్వాత పేజీ దిశ.

రంగుకి మంచి ఉదాహరణ బ్యాట్‌మాన్ కామిక్ 'ది కిల్లింగ్ జోక్'. 1988 ముద్రణకి రంగులు వేసింది జాన్ హిగిన్స్: నారింజ, పసుపు, ఊదా, కంట్లో గుచ్చుకునేలా. 2008 డీలక్స్ ఎడిషన్‌కి బొమ్మలు గీసిన బ్రయన్ బోలండే మళ్ళీ రంగులు వేసుకున్నాడు. అన్నీ చల్లబడ్డాయి. గతం చెప్పే పేజీలు నలుపు తెలుపుల్లోకి వెళ్ళి, అక్కడక్కడ ఒక్క ఎర్ర వస్తువు మాత్రం మిగిలింది. గీతలు అవే, మాటలు అవే. అయినా పాతది జ్వరంలో వచ్చిన కలలా ఉంటుంది, కొత్తది పోలీసు ఫైల్లా ఉంటుంది. కథ జరిగేది పాడుబడ్డ జాతర మైదానంలో కాబట్టి నా ఓటు పాతదానికే. బోలండ్ అభిమానులు రాళ్ళు వేసుకోవచ్చు.

అసలు పాత కామిక్స్ రీప్రింట్లలో రంగులు ఎందుకంత గాఢంగా తగుల్తాయంటే: అవి న్యూస్‌ప్రింట్‌ని లెక్కలో పెట్టుకుని వేసిన రంగులు. ఆ కాగితం సిరాని పీల్చేస్తుంది, చుక్కలు ఉబ్బుతాయి, కాగితమే కాస్త గోధుమ రంగు కాబట్టి అన్నీ మెత్తబడతాయి. అవే సిరా శాతాలు తీసుకెళ్ళి నున్నటి తెల్ల కాగితం మీద అచ్చేస్తే ఒంటి రంగు బబుల్‌గమ్ గులాబీ అయిపోతుంది. కొనేముందు లోపలి పేజీల ఫోటో ఒకటి పెద్దది చేసి చూడండి. ఒంటి రంగులో చుక్కలు కనిపిస్తే పాత పేజీలని స్కాన్ చేసింది. నున్నగా ఒకే పూత ఉంటే కొత్తగా వేసింది. గడ్డం కింద, ముక్కు పక్కన మెత్తటి నీడలు కూడా ఉంటే, పాత గీతల మీద ఎవరో కంప్యూటర్లో మేకప్ చేశారని. దానికి దూరంగా ఉండండి.

దిశకి ఉదాహరణ, కుడినుంచి ఎడమకి చదివే జపాన్ కామిక్ 'అకిరా'. 1988 నుంచి వచ్చిన ఎపిక్ కామిక్స్ ఇంగ్లిష్ ఎడిషన్లో పేజీలు అద్దంలోలా తిప్పేసి, స్టీవ్ ఒలిఫ్ చేత రంగులు వేయించారు. 2017లో వచ్చిన 35వ వార్షికోత్సవ సెట్ నలుపు తెలుపు, కుడినుంచి ఎడమకి, గీసింది గీసినట్టే. తిప్పినది పట్టుకోవడం తేలిక: ఊళ్ళో జనమంతా ఎడమచేతివాటం అయిపోయి, చొక్కా గుండీలు తారుమారై కనిపిస్తాయి. అయితే ఒలిఫ్ రంగుల్ని తీసిపారేయకండి. రాత్రి నగరం కాంతులు ఆ కాలానికి ఎవరూ అలా వేయలేదు.

#8 మధ్యాహ్నం_ఆట
బొమ్మల పుస్తకానికి ఇంత పంచనామానా? ఒంటి రంగులో చుక్కలు లెక్కపెట్టడానికి భూతద్దం కూడా పెట్టెలో ఇస్తారా?

#9 ఏడోట్రాక్
@గళ్ళకథ ఇలాంటిదే కావాలి. టిన్‌టిన్ సంగతేంటి? అదే పేరుతో రెండు మూడు రకాల బొమ్మలు కనిపిస్తుంటాయి.

#10 గళ్ళకథ
'ది బ్లాక్ ఐలాండ్' గురించేనా? దానికి మూడు వెర్షన్లు. 1938 నలుపు తెలుపు, 1943 రంగులది, 1966లో స్టూడియో మొత్తం మళ్ళీ గీసింది. ఇంగ్లిష్ ప్రచురణకర్తలు బ్రిటన్ వివరాల్లో 131 తప్పులు జాబితా చేసి పంపితే, స్టూడియో చిత్రకారుడు బాబ్ డి మోర్ స్కాట్లండ్ వెళ్ళి స్కెచ్‌లు వేసుకొచ్చాడు. మామూలుగా దొరికేది ఈ 1966దే. రైళ్ళు, విమానాలు, యూనిఫారాలు తూచినట్టు ఉంటాయి. చిక్కేంటంటే కథ 1930ల సరదా పరుగు, సామాను 1960లది. ఇద్దరు డిటెక్టివులు గాల్లో వేసే పిల్లిమొగ్గలు అంత కచ్చితమైన విమానంలో నప్పవు. 1943ది దొరికితే వదలొద్దు.

#11 డెసిబెల్_దొర
పాటల సంగతి. రీమాస్టర్ అంటే మెరుగు అనే భ్రమ ముందు వదిలించుకోండి. చాలావాటికి రీమాస్టర్ అంటే గట్టిగా చేయడమే.

జరిగేది ఇది: పాటలో డ్రమ్ దెబ్బలు క్షణంపాటు పైకి లేస్తాయి. మొత్తం గట్టిగా వినిపించాలంటే ఆ శిఖరాల్ని లిమిటర్‌తో నొక్కి, మిగతాది పైకి లాగాలి. కాస్త అయితే బానే ఉంటుంది. మితిమీరితే డ్రమ్‌కి దెబ్బ పోయి చప్పుడు మిగుల్తుంది, ఇంకా నొక్కితే తరంగం తల నరికినట్టయి గరగర వస్తుంది. దీనికి పాఠ్యపుస్తకం మెటాలికా 'డెత్ మాగ్నెటిక్' (2008). అదే సమయంలో 'గిటార్ హీరో' ఆటలో వచ్చిన అవే పాటలు అంత నొక్కుడు లేకుండా ఉండేసరికి, జనం ఆటలోంచి తీసి వినడం మొదలెట్టారు. మిక్స్‌లు తన చేతికి వచ్చేసరికే నలిగిపోయి ఉన్నాయని మాస్టరింగ్ చేసిన టెడ్ జెన్సెన్ చెప్పాడు కూడా.

చూడటం ఎలా: ఫైల్‌ని ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్లో తెరిచి, వ్యూ మెనూలో క్లిప్పింగ్ చూపించమనండి. ఎర్రగీతలు కుప్పలుగా వస్తే అంతే సంగతులు. అంకె కావాలంటే ఫూబార్ ప్లేయర్‌లో డీఆర్ (డైనమిక్ రేంజ్, అంటే శిఖరానికీ సగటుకీ తేడా) మీటర్ పెట్టుకోండి. రాక్ ఆల్బమ్‌కి 12 అటూ ఇటూ అయితే హాయి, 8 పర్లేదు, 5 కిందకి వెళ్తే అలసట. శాస్త్రీయ సంగీతానికి ఈ గీటురాయి వేరు, దీంతో కొలవొద్దు.

రెండు వెర్షన్లు పోల్చేటప్పుడు ఒక్క డెసిబెల్ గట్టిగా ఉన్నా అదే బాగున్నట్టు అనిపిస్తుంది. అందుకే ముందు రీప్లేగెయిన్ వేసి రెండిటినీ సమం చేయండి. చేయకుండా "రీమాస్టర్‌లో కొత్త వివరాలు వినిపించాయి" అని రాస్తే నేను చదవను.

స్ట్రీమింగ్‌లో ఇదెలాగూ తేలిపోతుంది. స్పాటిఫై మామూలు సెట్టింగ్ మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (సగటు గట్టిదనం కొలమానం). మైనస్ 8 దగ్గర మాస్టర్ చేసిన పాటని 6 డెసిబెల్స్ తగ్గించి వినిపిస్తుంది. గట్టిదనం పోయింది, నలుగుడు మాత్రం అలాగే ఉంది. మరి నొక్కి ఏం బావుకున్నట్టు?

#12 సూదిమొన
అందుకే ఎల్పీ. అదే ఆల్బమ్ సీడీకి డీఆర్ 6 ఉంటే ఎల్పీకి 10, 11 చూపిస్తుంది. డీఆర్ అంకెల డేటాబేస్ నిండా సాక్ష్యాలే.

#13 డెసిబెల్_దొర
@సూదిమొన ఆ అంకెని నమ్మొద్దు. నలిగిపోయిన ఫైల్‌నే ఎల్పీకి కోసి (గాడిగా గీసి), మళ్ళీ రికార్డ్ చేసి కొలిచినా 3, 4 ఎక్కువ చూపిస్తుంది. కోసేటప్పుడు వేసే ఫిల్టర్లు, సూది ప్రతిధ్వని కలిసి ఫేజ్ కదిలి, చదునుగా ఉన్న తలలు మళ్ళీ మొనదేలినట్టవుతాయి. సగటు గట్టిదనం మారదు, శిఖరం పెరుగుతుంది, మీటర్ మోసపోతుంది. పోయిన డ్రమ్ దెబ్బ తిరిగి రాదు.

ఎల్పీకి విడిగా మాస్టర్ చేశారో లేదో తెలియాలంటే పాట అయిపోయిన తర్వాత లేబుల్ చుట్టూ ఉండే ఖాళీ వలయం చూడండి. అక్కడ గీసిన అంకెలు, కోసినవాళ్ళ పొడి అక్షరాలు ఉంటాయి. వాటిని డిస్కాగ్స్ (రికార్డుల వివరాల సైట్)లో పెట్టి వెతికితే ఏ ప్రెస్సింగో, అంటే ఏ అచ్చో, తేలుతుంది. సీడీకైతే లోపలి అద్దం వలయం మీది మ్యాట్రిక్స్ నంబరు. బార్‌కోడ్ ఒక్కటే సరిపోదు, ఒకే బార్‌కోడ్ కింద రెండు మాస్టర్లు ఉండొచ్చు.

#14 సూదిమొన
మీటర్ సంగతి సరే. విడిగా కోసినవి మాత్రం నిజంగానే బాగుంటాయి, అది మీరూ కాదనలేరు. అయితే ఎల్పీ కొనేవాళ్ళు ఒక లెక్క చూసుకోవాలి: ఒక్కో వైపు నిడివి. 33⅓ ఆర్పీఎంలో బయటి గాడి దగ్గర సూది కింద సెకనుకి దాదాపు 51 సెంటీమీటర్లు కదుల్తుంది, లోపలి చివర 21. అంటే అదే పాట సగం కంటే తక్కువ జాగాలో ఇరుక్కోవాలి. అందుకే వైపు చివరి పాటలో 'స', 'ష' అక్షరాలు చీరుకుపోతాయి. వైపుకి 18 నుంచి 20 నిమిషాలైతే ఇబ్బంది లేదు. 26, 27 దాటిస్తే లెవెల్ తగ్గించి కోయాలి, రొద పైకి తేలుతుంది. గంట ఆల్బమ్‌ని ఒక్క ఎల్పీలో కుక్కినది కొనొద్దు.

#15 రాత్రి_రేడియో
వెర్షన్ల మాట వస్తే మైల్స్ డేవిస్ జాజ్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' (1959) చెప్పకపోతే ఎలా. మొదటి వైపు మూడు పాటలు రికార్డ్ చేసిన యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. సరైన వేగంతో వాయిస్తే శ్రుతి పావు స్వరం దాకా పైకి పోయింది. దశాబ్దాలపాటు అచ్చైనవన్నీ అలాగే. 1992 మాస్టర్‌సౌండ్ సీడీ నుంచి సరిచేశారు, 1997 రీమాస్టర్ కూడా సరైనదే.

కనిపెట్టాలంటే ట్యూనర్ యాప్ పెట్టి 'సో వాట్' బేస్ స్వరం చూడండి. డి స్వరం మీద నిలిస్తే సరిచేసింది. డి దాటి డి షార్ప్ వైపు జరిగి ఊగుతుంటే పాతది. పక్కన పియానో వాయించుకుంటూ నేర్చుకునేవాళ్ళకి ఈ తేడా ప్రాణాంతకం. ఊరికే వినేవాళ్ళకి పాతది కాస్త హుషారుగా కూడా అనిపిస్తుంది.

#16 మధ్యాహ్నం_ఆట
1959 నుంచి 1992 దాకా. ముప్ఫై మూడేళ్ళు, ముప్ఫై మూడు ఆర్పీఎం. లెక్క కుదిరింది.

#17 సూదిమొన
ఇన్ని పోస్టుల్లో మీరు రాసిన పనికొచ్చే మాట ఇదే.

#18 రీలుపెట్టె
#15లో చెప్పిన రోగమే సినిమాల్లో వేరే రూపంలో ఉంది. ఐరోపా పాత డీవీడీల్లో 24 ఫ్రేముల సినిమాని 25 ఫ్రేములకి పరిగెత్తించేవాళ్ళు. 4 శాతం వేగం. 120 నిమిషాల సినిమా 115 నిమిషాల 12 సెకన్లలో అయిపోతుంది, గొంతులు ముప్పావు సెమీటోన్ (అర స్వరం) దాకా పైకి వెళ్తాయి. ఏదో కోశారని కంగారుపడొద్దు, ముందు 24/25తో హెచ్చవేసి చూసుకోండి. సరిపోతే ఒక్క ఫ్రేమూ పోలేదన్నట్టు.

మందు: ప్లేయర్‌లో వేగం 0.96 పెట్టి, శ్రుతి సవరణ ఆపేయండి. ఆపకపోతే వేగం సరవుతుంది కానీ గొంతు పైనే ఉంటుంది. ఎంపీవీ, వీఎల్‌సీ ప్లేయర్లు రెండిట్లోనూ ఆ సెట్టింగ్ ఉంది. కొన్ని డిస్కుల్లో అచ్చేసినవాళ్ళే శ్రుతి సరిచేసి ఉంటారు, వాటికి సవరణ ఉంచాలి. సంగీతం బాగా తెలిసిన సన్నివేశం ఒకటి విని తేల్చుకోండి.

#19 పేజీమడత
పుస్తకాల గురించి ఎవరూ ఎత్తలేదు. వెర్షన్ల వల్ల ఎక్కువ అన్యాయం జరిగేది ఇక్కడే, ఎందుకంటే తేడా పైకి కనపడదు.

'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్' 1962లో బ్రిటన్‌లో 21 అధ్యాయాలతో వచ్చింది. అమెరికా ఎడిషన్లో చివరిది తీసేశారు, 1986లో గానీ తిరిగి చేర్చలేదు. 1971 సినిమా ముగింపు కూడా ఆ కోసిన పుస్తకం దారే. మూడు భాగాల్లోనూ ఏడేసి అధ్యాయాలుండాలి. మూడోదాంట్లో ఆరే ఉంటే మీ చేతిలో ఉన్నది కోసింది. ఆ 21వ అధ్యాయంలో కథ చెప్పే కుర్రాడు పెద్దవాడవుతాడు, తనంతట తనకే హింస మీద మొహం మొత్తుతుంది. అది లేకపోతే పుస్తకం చెప్పేది పూర్తిగా తిరగబడుతుంది.

'ఫ్రాంకెన్‌స్టైన్' కొనేటప్పుడు 1818 పాఠమా, 1831 పాఠమా చూడండి. వివరం రాయకపోతే ఎలిజబెత్ ఎవరో చూడండి: విక్టర్‌కి మేనత్త కూతురైతే 1818. కోమో సరస్సు దగ్గర పేద కుటుంబంలో దొరికి పెంపకానికి వచ్చిన పిల్లయితే 1831. రెండోదాంట్లో విధి, రాత అనే మాటలు ఎక్కువ, విక్టర్ చేసుకున్నదానికి అతని బాధ్యత కాస్త పలచబడుతుంది. అందుకే 1818ది పదునుగా ఉంటుంది.

'ది హాబిట్' 1937 మొదటి పాఠంలో గొల్లమ్ ఉంగరాన్ని తనే పందెం కాస్తాడు, ఓడిపోయి క్షమాపణ అడిగి మరీ దారి చూపిస్తాడు. తర్వాతి పెద్ద కథ 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'కి అతకదని 1951లో ఆ అధ్యాయం మార్చారు. ఇప్పుడు షాపుల్లో ఉన్నవి దాదాపు అన్నీ మార్చినవే. ఈ ఒక్కదాంట్లో తర్వాతిదే మేలని నా తీర్పు.

ఉచిత ఈబుక్స్‌తో జాగ్రత్త. జూల్ వెర్న్ 'ట్వెంటీ థౌజండ్ లీగ్స్' ఉచితంగా దొరికే ఇంగ్లిష్ కాపీల్లో చాలావాటికి ఆధారం 1870ల నాటి మెర్సియర్ అనువాదం. ఐదో వంతుకు పైగా ఎగరగొట్టాడు, పోయిందంతా సైన్సూ రాజకీయమూనే. "వెర్న్ పిల్లల రచయిత" అన్న పేరు రావడంలో ఇలాంటి కోతలకీ వాటా ఉంది. అనువాదకుడి పేరు లేని కాపీ అసలు తెరవొద్దు.

#20 చివరివరస
@పేజీమడత 21వ అధ్యాయం ఉంటేనే పూర్తి, ఒప్పుకుంటా. ఉంటేనే గొప్ప అంటే మాత్రం కాదు. ఇరవై అధ్యాయాలు కత్తి మొన మీద నడిపించి, చివర్లో "వయసొస్తే కుదురుకుంటాడులే" అనడం చల్లారిన ముగింపు. 20తో ఆగితే పాఠకుడికి ఊపిరాడదు, ఆ పుస్తకానికి అదే సరైన స్థితి.

#21 పేజీమడత
రచయిత రాసింది 21. మూడేళ్ళు. అది మనిషి పెద్దవాడయ్యే వయసు అని లెక్కపెట్టి కట్టిన నిర్మాణం. మీకు నచ్చలేదని మేడ మీది గది కూల్చేస్తారా?

#22 నిదానం
ముగింపులన్నీ చెప్పేశారు ఇద్దరూ కలిసి. ధన్యవాదాలు, నా లిస్టులోంచి ఒక పుస్తకం తగ్గింది.

#23 ఏడోట్రాక్
@నిదానం 1962 పుస్తకానికి స్పాయిలర్ హెచ్చరికా? సరే, ఇకనుంచి ముందు ఒక లైను పెట్టండి అందరూ.
@పేజీమడత #21లో "మూడేళ్ళు" ఏంటి?

#24 పేజీమడత
మూడు ఏళ్ళు, అంటే ఏడు అధ్యాయాలు మూడుసార్లు. ఇరవై ఒకటి.

#25 తెరవెనక
సినిమాలకి వెర్షన్ సరిగ్గా ఎంచుకుని, టీవీలో పాడుచేసుకునేవాళ్ళు ఎక్కువ. కొత్త టీవీ పెట్టెలోంచి తీసేసరికే మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉంటుంది. శామ్‌సంగ్‌లో పిక్చర్ క్లారిటీ, ఎల్జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో. సెకనుకి 24 ఫ్రేముల మధ్యలో టీవీ తనే ఊహించి కొత్త ఫ్రేములు కలుపుతుంది. సినిమా కాస్తా సీరియల్‌లా జారిపోతుంది, తల తిప్పినప్పుడు అంచు చుట్టూ నీళ్ళలా వణుకుతుంది. కిటికీ ఊచల వెనక ఎవరైనా నడిచే సీన్ పెట్టి చూడండి, వెంటనే బయటపడుతుంది.

చేతితో గీసిన యానిమేషన్‌కి ఇది ఇంకా ఘోరం. చాలా భాగం రెండేసి ఫ్రేములకి ఒక బొమ్మ, అంటే సెకనుకి 12 బొమ్మలు. ఏ భంగిమ ఎంతసేపు నిలబడాలో గీసినవాళ్ళు లెక్కేసి పెడతారు. టీవీ వాటి మధ్య మైనం పోసినట్టు పూడ్చేస్తుంది.

ఆపేసినా మళ్ళీ వచ్చిందంటే కారణం: ఆ సెట్టింగ్ ఒక్కో ఇన్‌పుట్‌కి, ఒక్కో పిక్చర్ మోడ్‌కి, హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువ చూపే వీడియో)కి విడివిడిగా ఉంటుంది. హెచ్‌డీఆర్ సినిమా నడుస్తుండగా ఇంకోసారి వెళ్ళి ఆపాలి. 2019 తర్వాత వచ్చిన టీవీల్లో ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అదొక్కటి పెట్టండి, స్మూతింగ్, షార్ప్‌నెస్ రెండూ పోతాయి.

#26 నిదానం
మాటలు వినపడవు, పేలుళ్ళకి గోడలు అదురుతాయి. దానికేదైనా ఉందా?

#27 తెరవెనక
ఉంది. 5.1 ట్రాక్‌ని (ఆరు ఛానెళ్ళ ధ్వని) టీవీ రెండు స్పీకర్లలోకి కుదించేటప్పుడు మాటలుండే మధ్య ఛానెల్‌ని 3 డెసిబెల్స్ తగ్గించి రెండువైపులా పంచుతుంది, దాని మీద పక్క ఛానెళ్ళ రొద వచ్చి పడుతుంది. ఆడియో మెనూలో విడిగా స్టీరియో ట్రాక్ ఉంటే అది ఎంచుకోండి. లేకపోతే నైట్ మోడ్ (పెద్ద చప్పుళ్ళకీ చిన్నవాటికీ తేడా తగ్గించేది). సౌండ్‌బార్ మీద మధ్య ఛానెల్ విడిగా పెంచే వీలుంటే 2, 3 డెసిబెల్స్ పెంచండి. మొత్తం వాల్యూమ్ పెంచడం మందు కాదు.

#28 గళ్ళకథ
ఈ-రీడర్లో మాంగా (జపాన్ కామిక్స్) చదివేవాళ్ళకి రెండు ముక్కలు, ఎందుకంటే "ప్రింట్ బాలేదు" అని తిట్టేవాళ్ళలో సగం మంది చూస్తున్నది మోయిరే. నీడల కోసం అంటించే చుక్కల స్క్రీన్‌టోన్, తెర పిక్సెళ్ళతో తగువుపడి పేజీ నిండా గళ్ళూ అలలూ వస్తాయి. పేజీని పరికరం అప్పటికప్పుడు కుదించకుండా, ముందే తెర కొలతకి కుదించి పెట్టాలి. 7 అంగుళాల 300 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్ళు) తెర అయితే 1264×1680. కిండిల్ కామిక్ కన్వర్టర్‌లో మీ పరికరం ఎంచుకుంటే ఆ పని అదే చేస్తుంది. రంగుల ఈ-ఇంక్‌లో కాలీడో 3 రకం తెర అయితే నలుపు తెలుపు 300, రంగు 150 పీపీఐ మాత్రమే. మాంగాకి రంగు తెర కొనడం దండగ.

రెండు పేజీల పెద్ద బొమ్మ మధ్యలో తెగి, సగం ముందు జతలో, సగం తర్వాతి జతలో పడుతుంటే ఫైల్ తప్పు కాదు. అట్ట పేజీని ఒంటరిగా చూపించే సెట్టింగ్ మార్చండి, ఒక పేజీ జరిగి అంతా కుదురుకుంటుంది. 1 తర్వాత 10, ఆపైన 2 వస్తుంటే సీబీజెడ్ (కామిక్ ఫైల్)ని జిప్ అని పేరు మార్చి విప్పి, ఫైళ్ళకి 001, 002 అని పెట్టి మళ్ళీ చుట్టండి.

#29 రాత్రి_రేడియో
మోనో, స్టీరియో కూడా వేర్వేరు వెర్షన్లే, మర్చిపోకండి. బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్' (1967) మోనో మిక్స్ మీద బ్యాండ్ దగ్గరుండి ఎక్కువ సమయం పెట్టింది, స్టీరియో తర్వాత తొందరగా చుట్టేశారు. 'షీజ్ లీవింగ్ హోమ్' మోనోలో వేగంగా, శ్రుతి పైన ఉంటుంది. స్టీరియోలో ఈడుస్తుంది. 2009 మోనో సెట్‌లో వినండి. హెడ్‌ఫోన్స్‌లో పాత స్టీరియో వింటూ గొంతంతా ఒక చెవిలోనే పడి తలనొప్పి వస్తే, ప్లేయర్‌లో క్రాస్‌ఫీడ్ పెట్టుకోండి. రెండో చెవికి కాస్త వడ్డిస్తుంది.

#30 డెసిబెల్_దొర
1980ల తొలి సీడీలే మేలని పరిగెత్తేవాళ్ళకి ఒక హెచ్చరిక. వాటిలో కొన్నిటికి ప్రీ-ఎంఫసిస్ ఉంటుంది: పై స్వరస్థాయిని 10 డెసిబెల్స్ దాకా పెంచి రాసి, ప్లేయర్ దాన్ని తిరిగి తగ్గించేలా జెండా (ఒక గుర్తు) పెడతారు. కంప్యూటర్లో రిప్ చేస్తే (ఫైల్‌గా దించితే) తగ్గించేవాడు ఉండడు, తాళాలు సూదుల్లా గుచ్చుతాయి. ఈఏసీ (సీడీని రిప్ చేసే ప్రోగ్రాం) రాసే క్యూ షీట్‌లో ట్రాక్ కింద ఫ్లాగ్స్ వరసలో 'ప్రీ' అని ఉందేమో చూడండి. ఉంటే సాక్స్ అనే ఆడియో ప్రోగ్రాంలో డీఎంఫ్ ఎఫెక్ట్ వేయండి. కొన్ని డిస్కుల్లో ఆ జెండా విషయసూచికలో ఉండదు, సబ్‌కోడ్‌లో మాత్రమే ఉంటుంది, అక్కడా వెతకాలి. ఇది చూడకుండా "పాత సీడీ పదునుగా ఉంది, రీమాస్టర్ మొద్దుగా ఉంది" అనే తీర్పులు చెల్లవు.

#31 ఏడోట్రాక్
ఇకనుంచి నచ్చినవి రాసేటప్పుడు ఒక్క వరస చాలు: పేరు, ఏ ఏడాది ఎడిషన్ లేక మాస్టర్, దేని మీద, నచ్చిన ఒక్క కారణం. నేను మొదలెడతా: 'మెట్రోపాలిస్' (1927), 2010 పునరుద్ధరణ, బ్లూరే, పనివాళ్ళు షిఫ్టు మారే నడక.

#32 మధ్యాహ్నం_ఆట
'మెట్రోపాలిస్', 1984, జార్జియో మొరోడర్ వెర్షన్, పాప్ పాటలు.

#33 రీలుపెట్టె
@మధ్యాహ్నం_ఆట వెక్కిరింతకి రాశారేమో కానీ అది నిజంగానే చూడదగ్గది. 83 నిమిషాలు, రంగు పూతలు, టైటిల్ కార్డుల బదులు సబ్‌టైటిల్స్. మూకీ అంటే భయపడేవాళ్ళని కూర్చోబెట్టేది అదొక్కటే.

@ఏడోట్రాక్ 2010దాంట్లో అక్కడక్కడ గీతలు పడి, ఫ్రేమ్ చిన్నదై, అంచుల్లో నల్లగా కనిపిస్తే మీ డిస్కు పాడైందనుకోకండి. అవి 2008లో బ్యూనస్ ఐరిస్‌లో దొరికిన 16 ఎంఎం నకలు నుంచి తెచ్చిన షాట్లు, దాదాపు 25 నిమిషాలు. 35 నుంచి 16కి దించేటప్పుడు ఫ్రేమ్ కొంత తెగిపోయింది, గీతలు బొమ్మలోనే అచ్చైపోయాయి. ఏ షాట్ కొత్తగా చేరిందో కంటికే తెలుస్తుంది.

#34 మధ్యాహ్నం_ఆట
వెక్కిరింత కాదు. సీడీ, 1984.

#35 డెసిబెల్_దొర
మ్యాట్రిక్స్ నంబరు?